వెనక్కి నడిచే ఊరు

మబ్బుల కొలను మీద వెలుగు కంటే ముందు మంచు వస్తుంది. వచ్చి నీళ్ళకూ ఆకాశానికీ మధ్య ఉన్న గీతను చెరిపేస్తుంది. అప్పుడు కలువలు గాలిలో పూసినట్టూ, కొంగలు నీళ్ళ అడుగున ఎగురుతున్నట్టూ ఉంటుంది. ఎక్కడో ఒక గంట మోగుతుంది. అది పైనుంచి వినిపిస్తోందో కింది నుంచి వినిపిస్తోందో చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అలాంటి మంచులోకి, ఒక ఉదయం, గాజుల మలారం భుజాన వేసుకుని తుంగతో అల్లిన పడవలో వచ్చాడు వజ్రశిల రాకుమారుడు శరభకేతు.

గాజుల సెట్టి వేషం సరదాకు వేసింది కాదు. అతని చెల్లెలు మందారికకు ముప్పై ఎనిమిది రోజులుగా కంటి మీద కునుకు లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల. ధూమకుండలుడనే మాంత్రికుడు ఆమె నిద్రను దొంగిలించి, చిన్న దంతపు భరిణెలో పెట్టుకుని, ఈ కొలను నడుమ ఉన్న ధూమద్వీపానికి పట్టుకుపోయాడు. పున్నమి లోపల పిల్ల నిద్రపోకపోతే బతకదని రాజవైద్యులు తేల్చేశారు. పున్నమికి ఇంక మూడు రోజులు. కొలను గట్టు నుంచి వజ్రశిలకు గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం. అంటే శరభకేతు చేతిలో ఉన్నది ఈ ఒక్క రోజే. బయలుదేరేటప్పుడు మందారిక, ఎర్రబడ్డ కళ్ళతో, “నా కోసం మేలుకోకు అన్నయ్యా, దారిలో నువ్వైనా నిద్రపో,” అంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా అతను తెడ్డు ఇంకా వేగంగా వేస్తున్నాడు.

ధూమద్వీపానికి దారి తుంగపల్లె వాళ్ళకు మాత్రమే తెలుసు. కత్తి పట్టినవాడు ఆ ఛాయలకు వస్తే మాంత్రికుడి నీటికాకులు క్షణంలో కబురు మోస్తాయి. అందుకే కత్తి మలారంలో దాక్కుంది, రాకుమారుడు సెట్టిలో దాక్కున్నాడు.

తుంగపల్లె నేల మీద ఉండదు. తుంగను చాపలు చాపలుగా అల్లి, వాటి మీద మట్టి పరిచి, ఆ మట్టి మీద ఇళ్ళు కట్టుకుని, ఆ ఇళ్ళను ఒకదానికొకటి తాళ్ళతో కట్టేసుకున్నారు. గాలి మారితే ఊరు మారుతుంది. నిన్న ఎదురింట్లో ఉన్న వియ్యపురాలు ఇవాళ పక్కింట్లోకి వచ్చేస్తుంది. తగువులు పెట్టుకుని మొహం చాటేసుకోవడం ఆ ఊళ్ళో బొత్తిగా కుదరని పని.

ఊరిపెద్ద పైడమ్మ అనే ముసలావిడ. ఆమె అతణ్ణి వాకిట్లో నిలబెట్టి, తామరాకుతో నెత్తిన నీళ్ళు చిలకరించి, తుంగటోపీ పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. మనవరాలు నీలాలు వడ్డించింది. నీలాలుకు ఇరవై ఏళ్ళుంటాయి, పడవ నడపడంలో ఊళ్ళో ఆమెకు సాటి లేరు. ఆకు ఒళ్ళో పెట్టుకుని తినడం అక్కడి పద్ధతి. తామరదుంపల పులుసు, పొగలో ఎండబెట్టిన చేపలు, తామరగింజల పాయసం. వజ్రశిలలో రాజులు బంగారు పళ్ళెం లేనిదే ముద్ద ముట్టరు. శరభకేతు మాత్రం ఆకు ఒళ్ళో పెట్టుకుని, మూడుసార్లు పులుసు వేయించుకుని, వేళ్ళు నాక్కున్నాడు. కొత్త కూర రుచి చూడటానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు కదా.

చిక్కంతా ఇంకోచోట ఉంది. ఆ ఊళ్ళో జనం వెనక్కి నడుస్తున్నారు.

గుమ్మంలోంచి చూస్తుంటే అతనికి మతి పోయింది. వల భుజాన వేసుకున్న జాలరి తన ఇంటివైపే చూస్తూ, మంచు ఆ ఇంటిని కప్పేదాకా వెనక్కి వెనక్కి పోతున్నాడు. పక్కన అతని తమ్ముడు నిలబడి, వీపు మీద చెయ్యి ఆన్చి దారి చెబుతున్నాడు. పుట్టింటికి వచ్చి వెళ్తున్న ఆడపిల్ల అమ్మవైపు చూస్తూ వెనక్కి పోతోంది. ఒక తాత అయితే తన గేదెకు మొహం తిప్పకుండా వెనక్కి పోతున్నాడు. ఆ గేదె కూడా ఆయన్నే చూస్తోంది. రాకుమారుడు నవ్వు ఆపుకోలేక పొలమారినట్టు దగ్గాడు.

అతను నవ్వడానికి కారణం లేకపోలేదు. వజ్రశిలలో మగపిల్లవాడికి పన్నెండో ఏట కుడి మడమకు ఉక్కుకడియం తొడుగుతారు. అది మంత్రించిన ఉక్కు. తొడుక్కున్నవాడు ఒక్క అడుగు వెనక్కి వేసినా పగిలి ఊడిపోతుంది. సభలోకి వచ్చినవాడి మొహం కంటే ముందు మడమ చూస్తారక్కడ. కడియం లేని యువరాజుకు సింహాసనం లేదు. ఇరుకు సందులో ఇద్దరు వజ్రశిల వీరులు ఎదురుపడి, వెనక్కి జరగలేక, పొద్దు గూకేదాకా అలాగే నిలబడిపోవడమూ కద్దు. ఆ కడియం ఇప్పుడు పాతగుడ్డ చుట్టి శరభకేతు మడమకే ఉంది.

భోజనమయ్యాక అతను తన చెల్లెలి జబ్బు సంగతి చెప్పుకున్నాడు, తాను రాకుమారుణ్ణని తప్ప మిగతాదంతా చెప్పాడు. పైడమ్మ కళ్ళు తుడుచుకుని దారి చెప్పింది. మూడు కాలవల్లో ఎర్రకలువలున్న కాలవ పట్టాలి. మిట్టమధ్యాహ్నం మాంత్రికుడు నిద్రలో ఉంటాడు, అప్పుడే పోవాలి. మనసు నిండి, శరభకేతు మలారం విప్పి పన్నెండు ఎర్రలక్క గాజులు స్వయంగా ఆమె చేతులకు తొడిగాడు. వెళ్ళొస్తానని లేచి, వజ్రశిల మగవాడిలా చటుక్కున వెనుదిరిగి, వడివడిగా నడిచాడు.

“తిరక్కు నాయినా, వీపు సూపించకు,” అని వెనక నుంచి పైడమ్మ అంటూనే ఉంది.

పదో అడుగులో అతను ఆగిపోయాడు. చుట్టూ మంచు. తుంగపల్లె అయితే చేరాడు. ఇక ఊరిపెద్ద ఎవరో కనుక్కుని, ద్వీపానికి దారి అడగాలి. ఇటు తిరిగి చూస్తే ఒక గుమ్మంలో ముసలావిడ నిలబడి ఉంది. వినయంగా దండం పెట్టి, ఈ ఊరి పెద్ద ఎవరవ్వా అని అడిగాడు.

పైడమ్మ కోప్పడలేదు, నవ్వలేదు. తానేనని చెప్పి, మళ్ళీ నీళ్ళు చిలకరించి లోపలికి తీసుకెళ్ళింది. మళ్ళీ ఆకు వేసి పులుసు వడ్డించింది. ఎందుకో ఆకలి లేదు గానీ ఇంత కమ్మటి పులుసు పుట్టి బుద్ధెరిగాక తినలేదన్నాడు రాకుమారుడు. తలుపు చాటున నీలాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక్కి నడిచే జనాన్ని గుమ్మంలోంచి చూసి అతను మళ్ళీ కొత్తగా నవ్వాడు. రెండో భోజనం కష్టం మీద ముగించి, కానుకగా గాజులు తొడుగుదామని అతను అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతికి ఎర్రలక్క గాజులు ఉన్నాయి. వాటి మీద వజ్రశిల సింహపు ముద్ర ఉంది. మలారం విప్పి చూసుకుంటే సరిగ్గా పన్నెండు తక్కువయ్యాయి.

“ఇవి ఎవరు తొడిగారవ్వా?”

“నువ్వే నాయినా, ఇందాకే. ఈ మంచుకి ఆకలెక్కువ. నువ్వు సూస్తా ఉండగా అది కప్పేసిందనుకో, నీ మనసులోది నీకుంటది. వీపు తిప్పేవనుకో, నీకది అక్కర్లేదనుకుని ఎత్తుకుపోద్ది. మా తాతల నాడు ఇలాగే మొగుళ్ళు పెళ్ళాల్ని మర్సిపోయేరు, తల్లులు పిల్లల్ని మర్సిపోయేరు. అప్పట్నించి ఎనక్కే నడుస్తన్నాం.”

శరభకేతు నవ్వినందుకు సిగ్గుపడ్డాడు, ఆ మాట పైకే చెప్పాడు. ముసలావిడ అంతటితో వదలక అసలు సంగతి కూడా చెప్పేసింది. ధూమద్వీపానికి కాపలావాళ్ళు లేరు. మంచే కాపలా. ఎవరు ఎవరి కోసం వస్తే వాళ్ళ రూపాన్ని పొగతో చేసి మెట్ల మీద కూర్చోబెడతాడు మాంత్రికుడు. వచ్చినవాడు మాంత్రికుడు దొంగిలించిన వస్తువు దక్కించుకుని, వీపు తిప్పి పరుగెత్తుతాడు. అంతే, ఎవరి కోసం వచ్చాడో ఆ మనిషే మనసులోంచి తుడిచిపెట్టుకుపోతుంది.

అప్పుడతను గుడ్డ విప్పి మడమ కడియం చూపించాడు. పైడమ్మ దాని సంగతంతా విని, వంగి కడియాన్ని వేలితో తడిమింది. తమ పద్ధతి తమకెంత ముఖ్యమో అతని కట్టు అతనికంత ముఖ్యమని, దాన్ని తెంచుకోమని చెప్పే హక్కు తనకు లేదని అంది. మన రాకుమారుడికి వెంటనే ఒక ఉపాయం తట్టింది. పడవలో వెనక్కి తిరిగి కూర్చుంటే సరి. పడవ ముందుకు పోతుంది, చూపు వెనకే ఉంటుంది, మడమ కదలదు. తన తెలివికి తానే మురిసిపోయాడు.

పడవ నడపడానికి నీలాలు లేచింది. నిద్రలేని పిల్ల సంగతి విన్నాక తాను ఇంట్లో కూర్చోలేనంది.

అలవాటుగా ఊరివైపే చూస్తూ నీలాలు గడ వేసింది, పడవ కదిలింది. శరభకేతు వెనక్కి తిరిగి కూర్చుని, గుమ్మంలో చెయ్యి ఊపుతున్న అవ్వను, ఇంటి కప్పు మీద ఆరేసిన చేపలను, ఎర్రగాజులను చూస్తూనే ఉన్నాడు. మంచు ముందు చేపలను కప్పింది, తరువాత గుమ్మాన్ని, ఆఖరికి గాజులను. ఏదీ పోలేదు. అన్నీ మనసులో ఎక్కడివక్కడ కూర్చున్నాయి. వదిలి వెళ్తున్నదాన్ని చివరిదాకా చూడటం ఇంత బాగుంటుందని ఇరవై రెండేళ్ళలో అతనికి ఎవరూ చెప్పలేదు. కోట నుంచి బయలుదేరిన రోజున మందారిక కిటికీలో నిలబడే ఉంది. అతను వజ్రశిల మగవాడు గనక తిరిగి చూడలేదు.

ఎర్రకలువల కాలవలో నీళ్ళు తేనె రంగులో ఉన్నాయి. పడవ కింద నుంచి వెండిచేపలు తోడుగా ఈదాయి. తుంగపూల నూగు గాలిలో తేలి వచ్చి ఇద్దరి జుట్టు మీదా వాలింది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మంచులోంచి ధూమద్వీపం పైకి లేచింది. నీలం, ఊదా, బూడిదరంగు పొగలతో కట్టిన మేడ అది. గోడలు ఊపిరి పీల్చినట్టు నెమ్మదిగా ఉబ్బి తగ్గుతున్నాయి. మేడకు పోవడానికి అరవై స్ఫటికపు మెట్లు ఉన్నాయి. ఒక్కొక్క మెట్టూ ఒక మనిషి పట్టేంతే, రెండు పక్కలా అడుగు కనిపించని లోయ.

ఒడ్డున పాతికమంది మనుషులు తిరుగుతున్నారు. గడ్డాలు పెరిగి, బట్టలు చివికి, ఒక్కొక్కరూ ఒక్కొక్క వస్తువు గుండెకు హత్తుకుని ఉన్నారు. ఒకడి దగ్గర ముత్యాల దండ, ఒకడి దగ్గర నెమలీకల విసనకర్ర, ఇంకొకడి దగ్గర మువ్వల జత. పడవ ఆగగానే మూగి, ఇది ఎవరిదో మీకు తెలుసా అని అడిగారు. వాళ్ళలో చెక్కచిలుక పట్టుకున్నవాడి మడమ మీద శరభకేతు చూపు ఆగింది. వజ్రశిల ఉక్కుకడియం. ఒక్క గీత కూడా పడకుండా మెరుస్తోంది.

అతను మలారం భుజానికెత్తుకున్నాడు, ఇద్దరూ మెట్లెక్కారు.

లోపల పొగగొలుసుల ఉయ్యాల మీద ధూమకుండలుడు పడుకుని ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి, చెవులకు సుడులు తిరిగే పొగకుండలాలు. అంతటివాడూ బొటనవేలు నోట్లో పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నాడు. అది మందారిక నిద్ర మరి, ఆ పిల్ల అలాగే పడుకుంటుంది. తల దగ్గర దంతపు భరిణె తెరిచి ఉంది. ఉయ్యాల మీద ఆమె కలలు తేలుతున్నాయి. రెక్కల కుందేళ్ళు, వానలో తడుస్తున్న బెల్లపు కోట, ఆ కోట బురుజు మీద గాలిపటం ఎగరేస్తున్న అన్నయ్య. శరభకేతు ఒక్క క్షణం తననే చూసుకుంటూ నిలబడ్డాడు. తరువాత భరిణె మూత పెట్టాడు. కుందేళ్ళు, కోట, గాలిపటం అన్నీ సర్రున అందులోకి పోయాయి. చెవి దగ్గర పెట్టుకుంటే చిన్నపిల్ల ఊపిరి వినిపించింది. దాన్ని ఉత్తరీయంలో చుట్టి నడుముకు బిగించి కట్టుకున్నాడు.

నిద్ర పోగానే మాంత్రికుడికి మెలకువ వచ్చింది. వాడి చూపు తిన్నగా మడమ మీదికి పోయింది, నవ్వాడు.

“వజ్రశిల రాకుమారుడివా? తీసుకుపో నాయనా. వచ్చినవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపే అలవాటు నాకు లేదు. మెట్లు అటున్నాయి.”

మెట్ల మొదట్లో మందారిక కూర్చుని ఉంది. మోకాళ్ళు కౌగిలించుకుని, ఎర్రటి కళ్ళతో, నన్ను వదిలి వెళ్తున్నావా అన్నయ్యా అని అడిగింది. పొగ అని తెలిసినా అతని గుండె కరిగిపోయింది. పక్కనుంచి దాటి మొదటి మెట్టు మీద, ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. ఇక్కడ పడవ ఉపాయం పనికిరాదు. వీపు తిప్పాలి, లేదా మడమ కదపాలి.

నీలాలు అప్పటికే అతని వెనక రెండో మెట్టు మీదికి దిగింది. “మెట్టుకి ఒక్కరే పడతారు సెట్టిగోరూ. పక్కన నిలబడి దారి సెప్పే వీలు లేదు. నేను కిందికి సూసి నడవాల, నా వీపు నీ వైపుంటది.”

అతనికి అర్థమైంది. “నన్ను మర్చిపోతావు.”

“మర్సిపోతాను. మళ్ళీ పరిచయం అవుదాంలే. సెయ్యి ఇయ్యి.”

శరభకేతు ఎడమచెయ్యి వెనక్కి చాపాడు. కుడిచేత్తో భుజాన ఉన్న మలారంలోంచి కత్తి దూశాడు. చూపు చెల్లెలి మీద నిలిపి కుడికాలు వెనక్కి వేశాడు. టప్పున ఉక్కు పగిలింది. కడియం రెండు ముక్కలై లోయలోకి జారింది. ఎంతసేపటికీ అడుగు తగిలిన చప్పుడు వినిపించలేదు. సింహాసనం పోయింది. అతను రెండో అడుగు వేశాడు.

ధూమకుండలుడి మొహంలో నవ్వు ఆరిపోయింది. వజ్రశిలవాడు వెనక్కి నడుస్తాడని వాడు కలలో కూడా అనుకోలేదు. చెవికుండలాలు విప్పి విసిరితే అవి పొగసర్పాలై బుసకొడుతూ వచ్చాయి. శరభకేతు ఒక దాని పడగ నరికాడు, రెండోది భుజాన్ని కాల్చింది. వెనక నుంచి నీలాలు గొంతు మెట్లు లెక్కపెడుతూనే ఉంది. తొమ్మిది. పది. పదకొండు దగ్గర ఆ గొంతు తడబడింది.

“ఎవరిదీ సెయ్యి?”

అతను తిరిగి చూడటానికి లేదు. చెయ్యి వదిలితే లోయ. “వెనక్కి నడుస్తున్నవాణ్ణి,” అన్నాడు.

ఆ వేళ్ళు అతని వేళ్ళను ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. “పన్నెండు,” అంది నీలాలు. “ఇక్కడ పాసి ఉంది. మడమ ఆన్సి అడుగెయ్యి.” తుంగపల్లెలో మాటలు రాకముందే పిల్లలకు నేర్పే సంగతి అది. వెనక్కి నడిచేవాడి చెయ్యి, వాడెవడైనా సరే, వదలకూడదు. కొద్దిసేపటి క్రితం తను నవ్విన ఆచారమే, తనెవరో తెలియని మనిషి చేతిలో, తన ప్రాణాన్ని మోస్తోందని శరభకేతుకు తెలిసింది. కళ్ళు చెమర్చాయి. చూపు మసకబారుతుందని గబగబా రెప్పలల్లార్చాడు.

ముప్పై. నలభై. పొగమందారిక ఏడ్చింది, అలిగింది, మెట్టు మీద నుంచి జారిపడుతున్నట్టు కేక వేసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. మాంత్రికుడు పొగబల్లెం విసిరాడు. అది కత్తికి తగిలి నిప్పురవ్వలై రాలింది. యాభై తొమ్మిది, అరవై. కాలి కింద ఇసుక తగిలింది. అప్పుడు మంచు నెమ్మదిగా పాకివచ్చి ముందు ఆ పిల్ల పాదాలను, తరువాత మోకాళ్ళను, చివరికి మొహాన్ని కప్పేసింది.

ఇద్దరూ పడవలోకి దూకారు. నీలాలు అప్పుడు తిరిగి చూసింది. ఎదురుగా కాలిన భుజంతో, చేతిలో కత్తితో ముక్కూమొహం తెలియని మనిషి. గడ ఎత్తి అతని గుండెకు ఆన్చింది.

“ఎవరు నువ్వు? నా పడవ ఈ దీవికెందుకొచ్చింది?”

మేడ గోడలు గర్జించాయి. నీటికాకులు గుంపుగా లేచాయి. మంచు లోపల ఎక్కడో మాంత్రికుడు పొగతో చేసి వదిలిన నల్లటి పడవలు నీళ్ళలోకి దిగుతున్న చప్పుడు మొదలైంది. శరభకేతు కత్తి పడవ అడుగున పెట్టి, ఉత్తరీయం విప్పి, భరిణె తీసి చూపించాడు.

“అదేటి? ఎవరిది?” అంది నీలాలు.

ఆ ప్రశ్నకు ఒడ్డున ఉన్న పాతికమందీ ఒక్కసారి ఇటు తిరిగారు.

“మందారికది,” అన్నాడు శరభకేతు. “మా చెల్లెలు. తొమ్మిదేళ్ళు. ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ ఉంటుంది. అందులో ఉన్నది ఆమె నిద్ర. ఎల్లుండి పొద్దు గూకేలోగా ఇవ్వకపోతే బతకదు.”

ఒడ్డు మీద చెక్కచిలుక పట్టుకున్నవాడు ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నీలాలు భరిణెను చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు విన్నట్టే అనిపించింది, నల్లపడవల చప్పుడు అంత దగ్గరికి వచ్చేసింది. అప్పుడు భరిణె అతని చేతిలో పెట్టి, గుండె మీది గడ తీసేసింది.

“అయితే బేగి కూకో,” అంది, తనకేమీ కాని ఆ మనిషితో. “సంటిపిల్ల నిద్దర. ఆలీసం సెయ్యకూడదు.”

మొదటి నల్లపడవ ముక్కు మంచును చీల్చుకుని బయటికి వచ్చేసరికి, నీలాలు గడను నీళ్ళలోకి దించి బలంగా తోసింది.